ఆర్‌ఎక్స్ ఇచ్చి షైన్ తీసుకోవాలా: పరకాల రోడ్డు మీద తిరిగే ఒక తమ్ముడి కేసు

హనుమకొండ నయీంనగర్‌లో నాది చిన్న షెడ్డు. ఇరవై రెండేళ్లుగా టూవీలర్లే చేస్తున్నాను, వాటిలో సగం టూ స్ట్రోక్ బండ్లు. "అన్నా, ఈ పాత బండి ఇచ్చేసి కండిషన్ బండి తీసుకోవాల్నా, దీన్నే నిలబెట్టుకోవాల్నా" అని నెలకు ఒక్కరైనా అడుగుతారు. చాలామందికి రెండు మాటల్లో చెప్పి పంపిస్తాను. ఈ కేసు మాత్రం ఐదు నెలలు నడిచింది. మొదట నేను చెప్పిన సలహాను మధ్యలో మార్చుకోవాల్సి వచ్చింది కూడా. అందుకే పూర్తిగా రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను.

ఆ తమ్ముడికి ఇరవై తొమ్మిదేళ్లు, పంచాయతీ కార్యదర్శి. ఇల్లు బాలసముద్రంలో, డ్యూటీ పరకాల దాటినాక ఒక ఊళ్లో. ములుగు రోడ్డు మీదుగా గూడెప్పాడ్ దాకా పోయి, అక్కడ పరకాల వైపు తిరిగి, ఇంకా లోపలికి పోవాలి. పోను నలభై, రాను నలభై, రోజుకు ఎనభై కిలోమీటర్లు. పొద్దున ఎనిమిదింటికల్లా ఊళ్లో ఉండాలి. భూపాలపల్లి వైపు నుంచి వచ్చే బొగ్గు లారీలతో ఆ రోడ్డు ఎట్లుంటదో తిరిగినోళ్లకు తెలుసు.

బండి 1994 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100, ఏపీ 36 నంబరు. మూడేళ్ల కింద నర్సంపేట దగ్గర ఒక రైతు కొట్టంలో గడ్డి కింద ఉంటే 62,000 ఇచ్చి తెచ్చుకున్నాడు. వచ్చినప్పుడు ట్యాంకు లోపలంతా తుప్పు, వైరింగు ఎలుకలు కొట్టేశాయి, ఇంజన్ పట్టేసి ఉంది. ఆదివారం ఆదివారం నా షెడ్డులో కూర్చొని, నా దగ్గరే నేర్చుకుంటూ సగం పనులు వాడే చేసుకున్నాడు. చేతిలో పనుంది వాడికి. కార్బురేటర్ విప్పి జెట్లు (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రాలు) కడిగి, ఫ్లోట్ లెవల్ చూసి మళ్లీ ఎక్కించడం నా దగ్గర రెండేళ్లున్న పిల్లల కంటే శుభ్రంగా చేస్తాడు.

అన్ని కష్టాలూ మొదలైంది బండి నడవడం మొదలైనాకే. అప్పటిదాకా డ్యూటీకి వాడుతున్న పాత స్కూటీని అమ్మేశాడు. ఇంట్లో రెండు బండ్లు పెట్టే జాగా లేదు, "ఆర్‌ఎక్స్ నడుస్తుంది కదా" అనుకున్నాడు. అప్పట్లో నేనూ వద్దనలేదు, అనాల్సింది.

2024 ఆగస్టులో ఒక సోమవారం పొద్దున గూడెప్పాడ్ దాటినాక పిస్టన్ జామ్ అయి బండి ఆగిపోయింది. వెనక చక్రం లాక్ అయితే క్లచ్ పట్టుకుని ఎట్లనో పక్కకు తీశాడు. వెనకాల లారీ లేదు కాబట్టి సరిపోయింది. అది ఆ సంవత్సరంలో రెండో జామ్. మొదటిసారి బోరు కొట్టించి, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గొట్టాన్ని కొంచెం వెడల్పు చేయించి, అర మిల్లీమీటరు పెద్ద (0.50 ఓవర్‌సైజ్) పిస్టన్ వేశాను. రెండోసారి విప్పితే పిస్టన్ చుట్టూ నాలుగు మూలలా గీతలు, ప్లగ్ తెల్లగా కాలి ఉంది. ఆయిల్ తక్కువై జరిగిన జామ్ కాదిది, గాలి ఎక్కువై జరిగింది. పిస్టన్ తిప్పే ఇరుసును క్రాంక్ అంటాం, దాని రెండు చివర్లా, మ్యాగ్నెట్ వైపు ఒకటి, క్లచ్ వైపు ఒకటి, గాలి చొరకుండా రబ్బరు ఆయిల్ సీల్స్ ఉంటాయి. మ్యాగ్నెట్ వైపు సీల్ లీకైతే అక్కణ్ణుంచి గాలి లాక్కుంటుంది, మిక్స్చర్ (పెట్రోల్, గాలి కలయిక) పలచనవుతుంది, పిస్టన్ కాగిపోయి బోరును పట్టుకుంటుంది. క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్ లాగి తెల్లపొగ ఊదుతుంది కాబట్టి ఎవరికైనా తెలిసిపోతుంది. మ్యాగ్నెట్ వైపు సీల్ పోతే బండి చప్పుడు చేయకుండా ఇంకా కొంచెం హుషారుగానే పరుగెత్తుతుంది, అదే దాని ప్రమాదం. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు మ్యాగ్నెట్ ప్లేట్ వెనక కొద్దిగా కార్బ్ క్లీనర్ కొడితే ఆర్‌పీఎం మారుతుంది. మేం అట్లనే పట్టుకున్నాం.

పోయినసారే సీల్ మార్చాను, మళ్లీ ఎందుకు పోయింది? అప్పుడే క్రాంక్ కేసు, అంటే క్రాంక్ కూర్చునే ఇంజన్ పెట్టె, విప్పి చూడాల్సింది. కానీ ప్రతిసారీ వాడు శనివారం రాత్రి బండి తెచ్చి "అన్నా, సోమవారం పొద్దున డ్యూటీ ఉంది, ఎట్లనన్నా చెయ్యి" అనేవాడు. కేసు విప్పితే కనీసం వారం పని. దాంతో బయటి నుంచే కొత్త సీల్ కొట్టి, బోరు చేయించి ఇచ్చేశాను, రెండుసార్లు. ఆ తప్పులో నా భాగం ఉంది. గిరాకీ తొందర పెడితే సగం పని చేసి ఇవ్వడం మా వృత్తిలో అందరికీ ఉన్న రోగమే, కానీ జామ్ అయ్యేది రోడ్డు మీద, మా షెడ్డులో కాదు.

అదే వారంలో కాజీపేట నుంచి ఒకాయన కబురు పెట్టాడు. పాత టూ స్ట్రోక్ బండ్లంటే ఆయనకు ప్రాణం, ఇంట్లో ఇప్పటికే రెండున్నాయి. తన 2019 హోండా షైన్ ఇచ్చి, మీద 25,000 కూడా ఇస్తాను, ఆర్‌ఎక్స్ ఇస్తావా అని. మా తమ్ముడు రాత్రంతా నిద్రపోకుండా తెల్లారి నా దగ్గరికొచ్చాడు. "అన్నా, టెన్షన్ అయితాంది. ఇయ్యాల్నా వద్దా నువ్వే చెప్పు."

అప్పటికప్పుడు చెప్పలేనన్నాను. "ముందు ఆరు వారాలు ఒక నోట్‌బుక్కు రాయి తమ్మీ. ఏ రోజు బండి మీద పోయినవ్, ఏ రోజు పోలేదు, ఎంత ఖర్చయింది. అట్లనే మూడేళ్ల నుంచి దీనికి ఎంత పెట్టినవో ఫోన్ల ఉన్న పేమెంట్లన్నీ తీసి కూడు" అని చెప్పాను. బండి మీద మనసున్నోడికి జ్ఞాపకం నమ్మకంగా ఉండదు, మంచిగా నడిచిన రోజులే గుర్తుంటాయి.

ఆరు వారాల్లో డ్యూటీ రోజులు 36. ఇబ్బంది లేకుండా పోయొచ్చింది 24 రోజులు. ఆలస్యంగా చేరింది 5 రోజులు, ఆర్టీసీ బస్సు పట్టుకుంది 4 రోజులు, బండి ఎక్కడో ఒకచోట వదిలేసి వేరేవాళ్ల వెనకాల ఎక్కి వచ్చింది 3 రోజులు. అంటే మూడు రోజులకొక రోజు ఏదో ఒక ఇబ్బంది. మూడేళ్ల ఖర్చు ముప్పై వేలు దాటదని వాడి నమ్మకం. కూడితే 57,300 వచ్చింది. బండి ధరతో కలిపి 1,19,300. కాగితం మీద ఆ అంకె చూసి చాలాసేపు మాట్లాడలేదు.

ఈ లెక్క ఎందుకు కావాలో కొంచెం చెప్పాలి. పెట్టిన డబ్బు పెట్టినట్టే, అది తిరిగి రాదు. దాన్ని చూసి "ఇంత పెట్టిన, ఇప్పుడెట్ల ఇస్త" అనుకుంటే ఇంకో ముప్పై వేలు పెడతాం. నాకు ఆ అంకె కావాల్సింది వచ్చే సంవత్సరం ఎంత తింటుందో అంచనా వేయడానికి. మూడేళ్లలో 57,000 తిన్న బండి, అందులో రోజువారీ తిరగడం మొదలుపెట్టిన చివరి ఏడాదిలోనే సగానికి పైగా తిన్న బండి, వచ్చే ఏడాది ఊరికే ఉండదు.

పెట్రోల్ సంగతి కూడా చూశాం. నెలకు 25 రోజులు వేసుకుంటే 2,000 కిలోమీటర్లు. వాడి ఆర్‌ఎక్స్ లీటరుకు 32 ఇస్తోంది, 62 లీటర్ల పైన. షైన్ ఆ రోడ్డు మీద ఎట్ల తోలినా 55 ఇస్తుంది, 36 లీటర్లు. తేడా 26 లీటర్లు, లీటరు 107 చొప్పున 2,800 దాకా. ఆయిల్ పంపు ఎప్పుడో తీసేశాడు కాబట్టి లీటరు పెట్రోల్‌కు 30 మిల్లీ టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) కలుపుతున్నాడు, దానికి ఇంకో ఆరేడు వందలు. రిపేర్లు పక్కన పెట్టినా నెలకు దాదాపు 3,400 తేడా. జీతగాడికి అది చిన్నది కాదు, ఒక చీటీ కట్టొచ్చు.

ఇంకో సంగతి, ఇది పాత బండ్లున్న అందరికీ. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఆర్‌ఎక్స్ 1985లో మన దగ్గరికి వచ్చింది, 1996లో ఆగిపోయింది, అప్పటి రబ్బరు పైపులు, నీడిల్ సీట్లు దీనికోసం చేసినవి కావు. పైగా ఇథనాల్‌తో మిక్స్చర్ కొంచెం పలచనవుతుంది, తేమను కూడా పీల్చుకుంటుంది. అసలే సీల్ దగ్గర గాలి లాగుతున్న ఇంజన్‌కు ఇది పుండు మీద కారం. మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, పైపులు కొత్తవి వేసి, బండి నెలల తరబడి ఆపాల్సి వస్తే ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేసి పెట్టుకోవాలి.

ఇవన్నీ చూసి నేనిచ్చిన మొదటి సలహా, ఇవ్వొద్దని. ఎందుకంటే ఆరు వారాల నోట్‌బుక్కులో ఇంకోటి కనిపించింది. ఆదివారాలు. మొదటి రెండేళ్లు ఆదివారం వాడికి పండగ, టీ తాగుకుంటూ ఒక్కో భాగం విప్పి, కడిగి, నన్ను అడిగి, తెలుసుకుని పెట్టేవాడు. బండి డ్యూటీ ఎక్కినాక ఆదివారమంటే సోమవారం కోసం చేసే హడావుడి అయిపోయింది. సీల్ దగ్గర బాండ్ పూయడం, తీగ కట్టడం, ఎట్లనో స్టార్ట్ చేయడం. వాడికి ఇష్టమైన పని ఏదో దాన్నే ఈ రోజువారీ తిరుగుడు తినేసింది. అందుకని, ఒక సెకండ్ హ్యాండ్ స్ప్లెండర్ తీసుకుని డ్యూటీకి పెట్టుకో, ఆర్‌ఎక్స్‌ను నా షెడ్డులో మూల పెట్టు, తీరిగ్గా చేద్దామన్నాను. నమ్మకం కుదరాలంటే ముందు ఒక నెల అరువు బండితో చూడమన్నాను. వాడి బామ్మర్ది ట్రైనింగ్‌కని హైదరాబాద్ పోయి ఉన్నాడు, ఆయన స్ప్లెండర్ ఇంట్లో ఊరికే ఉంది, అది తెచ్చుకున్నాడు.

ఆ నెలలో ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. వాడి భార్యకు అప్పుడు ఐదో నెల. ఒకరోజు ఇద్దరూ చెకప్ చేయించుకుని పోతూ షెడ్డు దగ్గర ఆగారు. ఆ చెల్లె నాతో సూటిగా అంది: "బండి ఏదైనా నాకు పంచాయితీ లేదన్నా. రాత్రి ఏడింటికి ఇంట్ల ఉంటడా, ఉండడా, గది చెప్పండి చాలు." ఇంతకంటే మంచి కొలత నాకు తట్టలేదు.

రెండో ఆదివారం ఇద్దరం కూర్చొని తొందర లేకుండా క్రాంక్ కేసు విప్పాం. అక్కడ అంతా మారిపోయింది.

క్రాంక్ బయటికి తీసి, మ్యాగ్నెట్ వైపు కేసు పట్టుకుని చూస్తే బేరింగ్ దానంతట అదే ఊడి నా చేతిలో పడింది. పడకూడదు. ఆ అల్యూమినియం కేసును వేడి చేస్తే తప్ప బేరింగ్ కదలకూడదు. డీజిల్‌తో కడిగి ఎండలోకి తీసుకెళ్లి చూస్తే, బేరింగ్ కూర్చునే గుండ్రటి సీటు చుట్టూ వరసగా చిన్న చిన్న చుక్కలు, సెంటర్ పంచ్‌తో కొట్టినవి. లెక్కపెట్టాం, ముప్పై ఒకటి. ఎప్పుడో ఎవరో సీటు లూజైతే చుట్టూ పంచ్ కొట్టి, ఆ లేచిన అంచుల మీద బేరింగ్‌ను బిగించి పంపించారు. కొన్నాళ్లకు ఆ అంచులు అరిగిపోయాయి, బేరింగ్ బయటి రింగు కేసులోనే తిరగడం మొదలుపెట్టింది. సీటంతా అద్దంలా నున్నగా మెరుస్తోంది. బేరింగ్ ఊగితే క్రాంక్ ఊగుతుంది, క్రాంక్ ఊగితే ఎంత మంచి సీల్ వేసినా పెదవి అరిగి గాలి లాగుతుంది. నేను రెండుసార్లు సీల్ మార్చింది, రెండుసార్లు బోరు కొట్టించింది, అంతా పై పని. వాడు ఆ చుక్కల మీద వేలు పెట్టి నెమ్మదిగా చుట్టూ తిప్పాడు. "ఇన్ని రోజులు దీని మీదనే పోయిన్నా అన్నా?" అన్నాడు.

దీనికి రెండు దారులు. ఒకటి, వేరే క్రాంక్ కేసు వెతకడం. కానీ ఇంజన్ నంబరు కొట్టి ఉండేది కేసు మీదే. కేసు మారిస్తే ఆర్సీలో ఉన్న నంబరుతో కలవదు, మళ్లీ రవాణా శాఖ ఆఫీసులో రాయించుకోవాలి, ఆ పాత కేసు ఎవరి బండిదో, ఎక్కణ్ణుంచి వచ్చిందో కాగితం లేకపోతే అదో పెద్ద తలనొప్పి. రెండోది, అదే కేసును లేత్ మీద పెట్టి సీటు పెద్దది చేసి, స్లీవ్ (లోపల బిగించే లోహపు రింగు) కొట్టి, మళ్లీ సైజుకు బోర్ చేయించడం. నంబరు అట్లనే ఉంటుంది. అయితే రెండు వైపుల సెంటర్ ఒకే గీత మీద రావాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా క్రాంక్ బిగుస్తుంది. ఈ పని తెలిసిన మేస్త్రి కాకా ఒకాయన వరంగల్ అండర్ బ్రిడ్జి వైపు ఉన్నాడు, కానీ పెళ్లిళ్ల సీజన్‌లో దర్జీ దగ్గర ఉన్నంత లైను ఆయన దగ్గర ఉంటుంది.

స్లీవు, బేరింగులు, కొత్త సీల్స్, రాడ్ కిట్, మళ్లీ బోరు, పిస్టన్ కలిపి 20,000 దగ్గరకు పోతుంది. నాలుగైదు నెలల్లో కాన్పు. చీటీ ఇంకా ఏడు నెలలుంది. దీనికి తోడు స్ప్లెండర్ కొనాలంటే ఇంకో 45,000. ఇక్కడ నా సలహా మార్చాను. కేసు మంచిగా ఉండి, ఒక సీల్, ఒక బోరుతో పోయేదైతే ఇప్పటికీ ఉంచుకోమనే అందును. ఈ స్థితిలో షైన్ తీసుకోమన్నాను.

"ఆర్‌ఎక్స్ రేటు ఏటా పెరుగుతాంది కదన్నా, లక్ష దాటుతున్నయ్" అన్నాడు. నిజమే. కానీ పెరిగేది నడిచే బండి రేటు, నంబర్లు కలిసి, కాగితాలు సక్కగున్న బండి రేటు. గోనె సంచిలో ఇంజన్ ముక్కలున్న బండిది కాదు.

కాగితాల దగ్గరికొస్తే ఇంకో గుండెపోటు. ఆర్సీ తీసి చూస్తే గడువు 2024 మేలోనే అయిపోయింది. సొంత వాడకం బండికి మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 1994 బండికి 2009, 2014, 2019 అయిపోయి 2024లో మళ్లీ చేయించాల్సింది, ఎవరూ చూసుకోలేదు. అంటే ఆ లారీల మధ్య నెలల తరబడి గడువు తీరిన ఆర్సీతో తిరిగాడు. రెన్యువల్‌కు బండిని ఆఫీసుకు తీసుకుపోయి చూపించాలి, పొల్యూషన్, ఇన్సూరెన్స్, గ్రీన్ ట్యాక్స్ అన్నీ ఉండాలి. రెన్యువల్ కాకుండా పేరు మారదు. (ఆ తర్వాత, 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్లు దాటిన మోటార్ సైకిళ్ల రెన్యువల్ ఫీజు 2,000 చేశారు. పాత బండి కొనేవాళ్లు ఇది కూడా లెక్కలో వేసుకోవాలి.)

కాజీపేట ఆయనకు పంచ్ చుక్కల సంగతి చెప్పాలా వద్దా అని మా తమ్ముడు ఒక రాత్రి కొట్టుకున్నాడు. నేను చెప్పి తీరాలన్నాను. దాచి అంటగడితే ఆరు నెలలకు ఆయన కూడా గూడెప్పాడ్ లాంటి చోటే జామ్ అవుతాడు, ఆ చక్రం లాకైనప్పుడు వెనకాల ఎవరుంటారో మనకు తెలీదు. అది నాకు డబ్బు విషయం కాదు. మర్నాడు వాడే ఫోన్ చేసి, షెడ్డుకు పిలిపించి, కేసు ఆయన చేతిలో పెట్టి చూపించాడు. ఆయన కళ్లజోడు తీసి దగ్గరగా చూసి, "చెప్పినవ్ కాబట్టి తీసుకుంట" అన్నాడు. కాకపోతే మీద ఇచ్చే 25,000ను 10,000 చేశాడు. లేత్ పని, సామాను ఖర్చు తాను పెట్టుకుంటానన్నాడు. రెన్యువల్ ఖర్చు మావాడిది. 5,000 బయానా ఇచ్చి, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టారు.

షైన్ చూడ్డానికి ఆయన ఇంటికే పొద్దున్నే పోయాం, బండి స్టార్ట్ చేయొద్దని రాత్రే చెప్పి. వెళ్లగానే సైలెన్సర్ మీద చేయి పెట్టాను, చల్లగా ఉంది. కోల్డ్ స్టార్ట్ ఒక్క సెల్ఫ్‌కే అయింది, టైమింగ్ చైన్ చప్పుడు లేదు, పొగ లేదు. మీటర్ 41,000 చూపిస్తోంది. ఫుట్‌రెస్ట్ రబ్బర్లు, బ్రేక్ పెడల్ అరుగుదల చూస్తే ఆ అంకె నమ్మేలానే ఉంది. డబుల్ స్టాండ్ వేసి ముందు చక్రం లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పితే మధ్యలో టక్కుమని ఆగింది, కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగ్) గుంటలు పడింది. చైన్ స్ప్రాకెట్ కిట్ అయిపోయింది, వెనక టైరు చివరికొచ్చింది. మొత్తం 5,500 పని. అది ముందే తెలిస్తే చాలు, భయపడాల్సింది కాదు. ఆన్‌లైన్‌లో నంబరు కొట్టి చూస్తే చలాన్లు లేవు కానీ ఫైనాన్స్ పేరు ఇంకా ఆర్సీ మీద ఉంది. లోన్ ఎప్పుడో కట్టేశాడు, ఫారం 35 పెట్టి తీయించుకోవడం మర్చిపోయాడు. అది తీయించేదాకా ఆగమన్నాం.

"పేర్లు తర్వాత మార్చుకుందాం, బండ్లు ఇప్పుడే మార్చుకుందాం" అని ఇద్దరూ అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆర్సీలో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ అయినప్పుడు పరిహారం బాధ్యత వాళ్లదే అని 2018లో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది, ఎప్పుడో అమ్మేశానంటే నడవదు. అందుకని మా తమ్ముడు, బామ్మర్ది తిరిగొచ్చి స్ప్లెండర్ అడిగినాక కూడా రెండు వారాలు బస్సులోనే పోయాడు. కష్టమే, కానీ ఆ రెండు వారాలు అవసరం.

డిసెంబర్‌లో మేస్త్రి కాకా దగ్గర వంతు వచ్చింది. స్లీవు పడ్డాక బేరింగ్ ఎక్కించే పని తమ్ముడితోనే చేయించాను. బేరింగ్‌ను రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాం. కేసును హాట్ ప్లేట్ మీద, నీటి చుక్క వేస్తే చిటపటలాడి ఎగిరేంత వేడి చేశాం. గ్లౌజు వేసుకుని బేరింగ్ పట్టుకుని వదిలితే, సుత్తి లేకుండా, టప్పుమని దాని చోట అదే కూర్చుంది. వాడి మొహం చూడాల్సింది. మూడేళ్లలో ఆ బండికి జరిగిన అసలైన మొదటి పని అది.

బండి తయారైంది. ఐడ్లింగ్ గడియారంలా ఉంది. రెన్యువల్ కోసం ఆఫీసుకు తోలుకుపోయి, చూపించి, నేరుగా షెడ్డుకు వచ్చాడు. దిగలేదు. యాక్సిలరేటర్ మెల్లగా తిప్పుతూ ఆ చప్పుడు వింటూ అట్లనే కూర్చున్నాడు. "అన్నా, ఇప్పుడు మంచిగయింది గదా. ఉంచుకుందామా? బయానా వాపస్ ఇస్త, లేత్ పైసలు కూడా మెల్లగా ఇస్త."

నిజంగా చెప్పాలంటే నాకూ ఇవ్వబుద్ధి కాలేదు. ఆ చప్పుడు విన్నోడెవడికీ కాదు. అయినా నాకు తెలిసింది చెప్పాను. ఆదివారం పూట ఇరవై ముప్పై కిలోమీటర్లు తోలుకునేవాళ్లకు ఈ ఇంజన్ చాలా ఏళ్లు వస్తుంది. మే నెల ఎండలో, రోజుకు ఎనభై, లారీల వెనకాల, స్లీవు వేసిన కేసుతో నేను గ్యారంటీ ఇవ్వలేను. ఉంచుకుంటే జనవరిలో మళ్లీ ఇదే డ్యూటీకి ఎక్కుతుంది, ఎందుకంటే వేరే బండి కొనే పైసలు వాడి దగ్గర లేవు. పైగా ఆ స్లీవు వేరొకాయన డబ్బుతో పడింది, ఆయన మాట మీద నిలబడ్డాడు. వాడు ఏమీ అనలేదు. కొంచెంసేపటికి ఇంజన్ ఆపి, కిందికి వంగి పెట్రోల్ కాక్ మూసి, దిగి స్టాండు వేశాడు. పెట్రోల్ కాక్ మూయడం వాడికి ఎప్పుడూ గుర్తుండేది కాదు.

జనవరి మొదటి వారంలో రెండు ఆర్సీలకు పేరు మార్పు కోసం ఫారం 29, 30 ఒకే రోజు పెట్టారు. ఇన్సూరెన్స్ పేర్లు పద్నాలుగు రోజుల లోపే మార్పించాను. దీన్ని జనం మర్చిపోతారు, క్లెయిమ్ అప్పుడు ఏడుస్తారు.

ఇప్పటికి ఏడు నెలలు. షైన్ దాదాపు 14,000 కిలోమీటర్లు తిరిగింది. మొదట్లోనే చేసిన కోన్ సెట్, చైన్ కిట్, టైరు కాక వెనక బ్రేక్ షూ, ఒక ట్యూబ్, ఇంజన్ ఆయిల్ మార్పులు, అంతే. నోట్‌బుక్కు రాయడం వాడు మానేశాడు, రాయడానికి ఏమీ లేదంటాడు. పాప పుట్టింది. కాన్పు అర్ధరాత్రి అయింది, ఆ రాత్రి ఇంటికీ ఆస్పత్రికీ మధ్య నాలుగుసార్లు తిరిగాడట. కాజీపేట ఆయన నెలకోసారి ఆర్‌ఎక్స్ తెచ్చి ప్లగ్ రంగు చూపించి పోతాడు, ఇటుక రంగులో మంచిగా ఉంది. వాళ్లిద్దరూ ఒకసారి నా షెడ్డులోనే కలిశారు, తమ్ముడు ఒక రౌండ్ వేసొచ్చాడు.

మొదటి మూడు నెలలు వాడు ఆదివారాలు రాలేదు, నేనూ పిలవలేదు. తర్వాత మెల్లగా రావడం మొదలుపెట్టాడు. ఇప్పుడు గిరాకీల కార్బురేటర్లు విప్పి కడిగి పెట్టిపోతాడు, డబ్బు ఇస్తానంటే తీసుకోడు. మొన్న ఆదివారం చేతులు కడుక్కుంటూ మెల్లగా అన్నాడు, డ్యూటీ ఊళ్లోనే ఒక పెద్దాయన కొట్టంలో పాత లూనా ఉందట, మూడు వేలకు ఇస్తానంటున్నాడట, తొందరేం లేదట, నీ షెడ్డుల ఒక మూల పెట్టుకుంటనన్నా అని.

"ముందుగాల ఆర్సీ ఫోటో పంపమను తమ్మీ" అన్నాను.